మందుల చీటీ కొడుక్కి, చాకిరీ కోడలికి

సాయంత్రం ఐదయ్యేసరికి మా నాయనమ్మ కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడేది. "మా ఇంటికి పోవాలి, పంపించండి" అనేది. "ఇదే కదత్తయ్యా మన ఇల్లు" అని అమ్మ చెప్పగానే గొడవ మొదలు. విజయవాడ కృష్ణలంకలో మా వీధంతా వినేది.

అది డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు అని సూర్యారావుపేటలో ఒక డాక్టరు నాన్నకి చెప్పారు. ఐదు నిమిషాలు మాట్లాడి, రాత్రి వేసుకోవడానికి ఒక మాత్ర రాసి, మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారు. నాన్న ఇంటికొచ్చి "వయసైపోయింది, మతిమరుపట" అన్నారు. రోజంతా ఆవిడ పక్కనే ఉండే అమ్మకి అందిన సమాచారం అంతే.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్లలో ఎక్కువమందిని ఇంట్లో ఆడవాళ్లే చూసుకుంటున్నారు. డాక్టరు మాట మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లిన మగవాళ్ల దగ్గరే ఆగిపోతోంది. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడుంది.

అమ్మకి తెలియాల్సినవి పెద్ద విషయాలేం కావు. పొద్దు వాలాక కంగారు పెరగడం ఈ జబ్బులో మామూలే. "ఇదే మన ఇల్లు" అని వాదిస్తే భయం ఇంకా పెరుగుతుంది. "మీ ఇంట్లో ఎవరెవరుండేవాళ్లు?" అని అడిగితే మనసు మళ్లుతుంది. ఎదురుగా కూర్చుని, ఒకసారికి ఒకే మాట అడగాలి. "నేనెవరో గుర్తుందా?" అని పరీక్ష పెట్టకూడదు. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా తికమకపడితే జబ్బు ముదిరిందనుకుని ఊరుకోకూడదు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా అలా అవుతుంది. థైరాయిడ్, బి12 లోపం వల్ల కూడా మతిమరుపు రావచ్చు కాబట్టి ఆ పరీక్షలు చేశారో లేదో అడగాలి. "పదండత్తయ్యా, కాఫీ తాగి వెళదాం" అంటే చాలని అమ్మకి రెండేళ్ల తర్వాత పక్కింటి రిటైర్డ్ నర్సు చెప్పింది.

అమెరికా పిల్లల సంగతీ చెప్పాలి. విజయవాడ, గుంటూరుల్లో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. వీడియో కాల్‌లో పది నిమిషాలు వాళ్లమ్మ చక్కగా మాట్లాడుతుంది. "బాగానే ఉందిగా వదినా, నువ్వే టెన్షన్ పడుతున్నావు" అని ఇక్కడ చూసుకునే కోడలితో అంటారు. ఈ జబ్బున్నవాళ్లు కొద్దిసేపు మామూలుగా కనిపించగలరని వాళ్లకీ ఎవరూ చెప్పలేదు. రాత్రంతా మేలుకున్న మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నేను చూశాను.

మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్, 14416 నంబరు, 2022 అక్టోబరు నుంచి ఉంది. తెలుగులో మాట్లాడతారు, చూసుకునేవాళ్లు తమ బాధ కూడా చెప్పుకోవచ్చు. పెద్దల కోసం 14567 ఉంది. మా ఇంటికొచ్చిన చీటీల్లో ఒక్కదాని మీదా ఇలాంటి నంబరు లేదు.

పల్నాడు పల్లెల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చి సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్లేవారికి, మన మాటల్లో రాసిన రెండు పేజీల కాగితం చేతికివ్వాలి. చదువు రానివారికి, జీతానికి పనిచేసే ఆయాలకి అదే విషయం వాట్సాప్‌లో వాయిస్‌గా పంపొచ్చు. రెండోసారి వచ్చినప్పుడు "ఇంట్లో చూసుకునేది ఎవరు? వారిని తీసుకురండి" అని డాక్టర్లు అడగాలి. బీపీ, షుగరు చూడ్డానికి ఇంటికొచ్చే ఏఎన్ఎమ్ కూడా ఆ కోడల్ని పక్కకి పిలిచి, "రాత్రి నిద్రపోతున్నావా అమ్మా?" అని అడగాలి.