చిన్న లీవర్ లేని బండిని ఎస్‌యూవీ అనకండి

పొద్దున జరిగింది, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. రాయకపోతే రాత్రికి నిద్ర పట్టేలా లేదు.

రాత్రంతా కురిసిన వానకి మట్టిరోడ్డు బాగా మెత్తబడింది. మలుపు తిరిగేసరికి ఓ తెల్లటి పెద్ద బండి అడ్డంగా ఇరుక్కుని కనబడింది. కొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ముందు చక్రాలు బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతున్నాయి, వెనక చక్రాలు ఉలకవు పలకవు. లోపలున్నాయన స్క్రీన్ మీద ఏదో నొక్కడం, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కడం. తొక్కిన ప్రతిసారీ బండి ఇంకో అంగుళం కిందికి దిగుతోంది. దగ్గరికెళ్లి తొంగి చూశాను. స్క్రీన్ మీద మడ్ మోడ్ బొమ్మ వెలుగుతూనే ఉంది. దాని కింద, ఫోర్ వీల్ సిస్టమ్ వేడెక్కింది, చల్లారేదాకా ఆగండి అని మెసేజ్. దాని అవసరం పడ్డ ఒకే ఒక్క రోజున అది చేతులెత్తేసింది.

తాడు కడదామంటే కొక్కెం లేదు. బంపర్‌లో చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, అది ఊడదీసి, లోపలి మరలో కొక్కెం బిగించాలి. అలాంటిదొకటి ఉందని ఆయనకి తెలీదు. డిక్కీలో సామానంతా దించి, కార్పెట్ ఎత్తితే స్టెప్నీ ఉండాల్సిన గుంటలో పంక్చర్ కిట్, గాలి కొట్టే చిన్న మోటారు ఉన్నాయి. వాటి కింద దొరికింది కొక్కెం. బిగించాను. నా జిమ్నీని, అదే సుజుకి వాళ్ల చిన్న జీపులాంటి బండిని, గట్టి నేల మీద నిలబెట్టి, గేర్ రాడ్ పక్కనుండే చిన్న లీవర్‌ని కిందికి నొక్కి వెనక్కి లాగి లో రేంజ్‌లో వేసి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ మెల్లగా వదిలాను. తాడు బిగుసుకుంది. రెండు మూడు క్షణాలు ఏమీ కదల్లేదు. తర్వాత ఆ బండి పెద్ద చప్పుడుతో బురదలోంచి ఊడి వచ్చింది.

ఆయన దిగి, నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, అన్న మాట ఇది: "బొమ్మ కారులా ఉంది బ్రదర్. ఇంత డబ్బు దీనికెందుకు పెట్టారు? ఇదే రేటుకి పెద్ద ఎస్‌యూవీయే వస్తుంది కదా, సన్‌రూఫ్‌తో."

థాంక్స్ చెప్పలేదని కాదు నా బాధ. బురదలో దిగబడ్డ బండిని చూపించి, దాన్ని లాగిన బండికి వంక పెట్టాడు చూడండి, అదీ. ఈ మాట నేను ఆయన ఒక్కడి దగ్గరే వినలేదు. ఇంట్లో విన్నాను, ఆఫీసులో విన్నాను, బండి కొనేటప్పుడు అమ్మేవాడి దగ్గర కూడా విన్నాను. లో రేంజ్ ఉందా అని వేరే షోరూంలో అడిగితే, అక్కడి కుర్రాడు లోపలికెళ్లి ఇంకొకర్ని అడిగొచ్చి, ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి సార్ అన్నాడు. ఆ అబ్బాయిని ఏమీ అనను. వాడికి నేర్పింది అదే.

లో రేంజ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య ఇంకో గేర్ల జత. జిమ్నీలో అది వేసుకుంటే వేగం సగానికి తగ్గుతుంది, చక్రం దగ్గర లాగే బలం రెట్టింపవుతుంది. అందుకే రాయి ఎక్కుతున్నా, నిటారుగా దిగుతున్నా నడిచే మనిషి వేగంతో, బ్రేక్ మీద పెద్దగా కాలు పెట్టకుండా వెళ్లొచ్చు. క్లచ్ కాలదు, గేర్‌బాక్స్ ఉడికిపోదు. పొద్దున ఆ తెల్ల బండిలో లేనిది సరిగ్గా ఇదే. దానికి ఉన్నది ముందు చక్రాలు జారాక వెనక చక్రాలకి కాస్త బలం పంపే ఓ కప్లింగ్. తడి తారురోడ్డు మీద అది చాలు, నేనూ ఒప్పుకుంటాను. మోకాలి లోతు బురదలో పది నిమిషాలు తొక్కితే కాలిపోకుండా తనని తాను ఆపేసుకుంటుంది. పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అసలు ఈ అన్యాయం ఇవాళ్టిది కాదు. జీపు ఎవరు చేశారు అంటే అందరూ విల్లీస్ అంటారు, లేదా ఫోర్డ్ అంటారు. 1940లో అమెరికా సైన్యం చిన్న ఫోర్ వీల్ బండి కావాలని అడిగితే, 49 రోజుల్లో నమూనా తయారుచేసి అప్పగించింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. డ్రాయింగులు గీసింది కార్ల్ ప్రాబ్స్ట్. సైన్యం ఏం చేసింది? ఆ డ్రాయింగుల్ని విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ చూపించింది. ఇంత చిన్న కంపెనీ అన్ని బండ్లు చేయలేదన్నారు. యుద్ధం ముగిసేసరికి ఆ రెండు పెద్ద కంపెనీలు కలిపి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ చేసినవి 3 వేలు కూడా ఉండవు. చివరికి దాని చేతికి వచ్చిన పని, జీపుల వెనక తగిలించే ట్రైలర్లు తయారుచేయడం. బండిని పుట్టించినవాడు ట్రైలర్లు చేసుకుంటూ మిగిలాడు. ఇది ఎప్పుడు చదివినా నాకు కడుపు రగిలిపోతుంది. చిన్నవాడు చేసిన పని పెద్దవాడి ఖాతాలో పడటం అప్పుడే మొదలైంది.

ఆ జీపు చూసి పుట్టినవే మిగతావన్నీ. ఇంగ్లండ్‌లో రోవర్ కార్ల కంపెనీ ఇంజినీర్ మారిస్ విల్క్స్ తన పొలంలో ఓ పాత జీపు వాడుకుంటూ, ఇలాంటిది మనమే ఎందుకు చేయకూడదు అనుకున్నాడు, 1948లో ల్యాండ్ రోవర్ వచ్చింది. యుద్ధం తర్వాత ఉక్కు దొరక్క బాడీ అల్యూమినియంతో చేశారు, తుప్పు బెడద తగ్గింది. జపాన్‌లో 1951లో టొయోటా తన కొత్త జీపులాంటి బండిని ఫుజి కొండ మీద ఆరో మజిలీ దాకా ఎక్కించి చూపించింది. ల్యాండ్ క్రూయిజర్ వంశం అక్కడ మొదలైంది. అందులో 70 సిరీస్ 1984లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. నలభై ఏళ్లు! డబ్బూ, పార్కింగ్‌కి చోటూ ఉంటే నేను కళ్లు మూసుకుని దానికే మొక్కేవాణ్ని.

రేంజ్ రోవర్ సంగతి తలుచుకుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్‌లో సీట్లు వినైల్‌వి, డ్యాష్‌బోర్డ్ మామూలు ప్లాస్టిక్. బురదలో తిరిగొచ్చి పైపు పెట్టి లోపల కడుక్కోవచ్చు. అలా పుట్టిన పేరు ఇవాళ దేనికి గుర్తుగా మిగిలిందో మీకే తెలుసు. ఆ మొదటి బండి కాయిల్ స్ప్రింగుల మీద మెత్తగా వెళ్తూనే నాలుగు చక్రాలతోనూ ఎప్పుడూ నడిచే బండి. పని చేసే బండి సుఖంగా కూడా ఉండొచ్చని అప్పుడే రుజువు చేసింది. సుఖం కావాలి కాబట్టి లో రేంజ్ తీసేశాం అనే ఇవాళ్టి కంపెనీల మాట నేను నమ్మను.

ఇంకో మాట కూడా వింటుంటాను, కింద నిచ్చెనలాంటి ఉక్కు చట్రం, అదే లాడర్ ఫ్రేమ్, లేనిదే ఆఫ్‌రోడ్ బండి కాదని. అది నేను ఒప్పుకోను. 1977లో వచ్చిన రష్యా బండి లాడా నీవాకి ఫ్రేమ్ లేదు, మామూలు కారులా బాడీయే చట్రంగా ఉండే మోనోకాక్. ముందు చక్రాలు దేనికది విడిగా ఊగే ఇండిపెండెంట్ సస్పెన్షన్. అయినా లో రేంజ్ ఉంది, ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్‌కి లాక్ ఉంది, మంచులో బురదలో దాన్ని మించిన చవక బండి లేదు. కాబట్టి ఫ్రేమా కాదా అని నన్ను వాదనకి లాగకండి. చిన్న లీవర్ ఉందా లేదా, నాకు అదొక్కటే లెక్క.

నేను నడిపిన మొదటి బండి ఓ ముసలి జీపు. కమాన్ పట్టీల మీద ఎగిరెగిరి పడేది, స్టీరింగ్ అరచేతి వెడల్పు తిప్పితేగానీ చక్రం తిరగడం మొదలయ్యేది కాదు. కాళ్ల దగ్గర రబ్బరు మ్యాట్ ఎత్తితే ఓ చిల్లు, అందులోంచి కింద రోడ్డు పరిగెడుతూ కనబడేది. ఆ బండి నన్ను ఎక్కడా వదిలేయలేదు. తర్వాత జిప్సీ కొన్నాను. అక్కడే నా మనసు పడిపోయింది. బరువు లేకపోవడమే ఎంత పెద్ద బలమో జిప్సీ నేర్పింది. పెద్ద బండ్లు కుంగిపోయే చోట అది పైపైన తేలుతూ వెళ్లిపోయేది.

జిప్సీ, జిమ్నీల వంశం మొదలైంది 1970లో. సుజుకి ఎల్‌జే10 అనే బండి, 359 సీసీ ఇంజిన్, 25 గుర్రాల బలం. పొడవు 3 మీటర్లు దాటకూడదన్న జపాన్ చిన్న కార్ల రూలు కోసం స్టెప్నీని వెనక తలుపుకి కాకుండా లోపల, వెనక సీటు ఉండాల్సిన చోట పెట్టారు. 25 గుర్రాలతో కొండలెక్కింది ఎలా? తేలిక బరువు, చిన్న లీవర్. 2007లో చిలీలో ఓహోస్ దెల్ సలాదో అగ్నిపర్వతం మీద 6,688 మీటర్ల ఎత్తుకి వెళ్లి రికార్డు కొట్టింది కూడా మార్పులు చేసిన ఓ సుజుకి ఎస్‌జేనే, మన జిప్సీకి దగ్గరి చుట్టం. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ కంటే 1,000 మీటర్లకు పైగా ఎత్తు. బొమ్మ కారు అన్నాయన దీన్ని చదవాలి.

తర్వాత నేను చేసిన తప్పు, ఇంట్లో అందరి మాటా విని ఓ పెద్ద బండి కొన్నాను. పేరుకే ఎస్‌యూవీ, నడిచేది ముందు చక్రాలతోనే. ఐదేళ్లు దాన్ని తారురోడ్డు దింపాలంటే టెన్షన్. 2018లో కొత్త జిమ్నీ వచ్చిందని చూశాక ఇక ఆగలేకపోయాను. అంతకు ముందు మోడల్‌లో లీవర్ తీసేసి బటన్లు పెట్టారు. కొత్తదాంట్లో లీవర్‌ని మళ్లీ తెచ్చారు. ప్రపంచంలో అందరూ తీసేస్తుంటే ఒక్క కంపెనీ వెనక్కి తెచ్చింది. ఫ్రేమ్ ఉంది, ముందూ వెనకా రెండు చక్రాల్నీ కలిపే ఒకటే గట్టి యాక్సిల్ ఉంది, బరువు 1,100 కిలోల చుట్టుపక్కల. ఏ చక్రమైనా గాల్లో తిరిగితే దానికి తానే బ్రేక్ వేసి బలాన్ని రెండోవైపు పంపుతుంది. చూశారా, ఎలక్ట్రానిక్స్ అంటే నాకు పగ లేదు. గేర్లు చేయాల్సిన పని స్క్రీన్ మీద బొమ్మకి అప్పగిస్తేనే నాకు కోపం.

లోపాలున్నాయి. హైవే మీద చప్పుడు, నాలుగు సీట్లూ నిండితే సామాను పెట్టే చోటు లేదు, యూరో ఎన్‌క్యాప్ అనే యూరప్ భద్రతా పరీక్షలో వచ్చింది ఐదింటికి 3 స్టార్లే. ఇవన్నీ తెలిసే కొన్నాను, మళ్లీ కొనమన్నా ఇదే కొంటాను.

జిప్సీ ఎందుకు అమ్మావు అని అడుగుతారు. అమ్మలేదు, అమ్మేలా చేశారు. మా బావ ఓ ఊరెళ్లాలని అడిగి పట్టుకెళ్లాడు. ఫోర్ వీల్ లీవర్ తారు మీద వేయకు బావా అని చెప్పి మరీ తాళాలిచ్చాను. జిప్సీకి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారడానికి వీల్లేక ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది. బావ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే లీవర్‌లో నడిపాడు. తిరిగొచ్చి తాళాలు బల్ల మీద పెట్టి, "స్టీరింగ్ కాస్త గట్టిగా ఉందిరా, ఎవరికైనా చూపించు" అన్నాడు. లీవర్ ఎక్కడుందో వెళ్లి చూశాను. ఫోర్ వీల్‌లో వేసే ఉంది.

ముందు, వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె, ట్రాన్స్‌ఫర్ కేస్, విప్పిస్తే పళ్లు రాలిన గేర్ బయటపడింది. అది బాగయ్యేలోపే, పాత బండి పెట్టుకుంటే ఇంతే, అమ్మెయ్ అని ఇంట్లో అందరికీ చెప్పి ఒప్పించింది కూడా బావే. ఇప్పటికీ ఏ పండక్కి కలిసినా "ఆ జిప్సీలే అంత" అంటాడు. పొద్దున ఆ తెల్ల బండాయన నోట్లోంచి వచ్చిన మాటలో నాకు వినబడింది ఆ గొంతే.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు, అక్క పంపిస్తుంది. ఆ గేర్ పారేయలేదు. నా బల్ల సొరుగులో ఉంది, ఐదు పళ్లు లేవు. ఈసారి వచ్చినప్పుడు చేతిలో పెడతాను. అది చూసి చెప్పు, తప్పు జిప్సీదో కాదో.