శ్వేతసౌధంలో వెట్టి

సర్వీసు నిబంధనల పుస్తకాలు తిరగేస్తూ తల నెరిసినవాడిని కనుక, అమెరికా ప్రథమ మహిళ కొలువు మీద నాకున్న అభ్యంతరాలను సవినయంగా మనవి చేసుకుంటున్నాను. అధ్యక్షుడికి ఏటా 4 లక్షల డాలర్ల జీతం ఉంది. ఆయన భార్యకు జీతం లేదు, నియామకపు ఉత్తర్వు లేదు, జాబ్ చార్టు లేదు. రాజ్యాంగంలో ఆమె ఊసే లేదు. సంజాయిషీ అడిగే అధికారం మాత్రం దేశంలో ప్రతివారికీ ఉంది. మొట్టమొదటి అధ్యక్షుడి భార్య మార్తా వాషింగ్టన్ 1789లోనే తన బతుకు రాజ్య ఖైదీ బతుకులా ఉందని బంధువుకు ఉత్తరం రాసుకున్నారు. ఆ అర్జీ ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

పోనీ, పోస్టును ఖాళీగా ఉంచుతారా అంటే అదీ లేదు. బ్రహ్మచారి అధ్యక్షుడు బ్యుకానన్ హయాంలో ఆ చాకిరీ మేనకోడలు హారియట్ లేన్ మీద పడింది. అధ్యక్షుడి భార్యకు సిబ్బందిని సమకూర్చే చట్టం 1978లో వచ్చింది. భార్య లేకపోతే కుటుంబంలో ఇంకొకరికి ఆ సిబ్బందిని ఇవ్వవచ్చని కూడా అందులో రాశారు. సిబ్బందికి జీతాలున్నాయి.

జాబ్ చార్టు లేకపోవడంలో ఒక సౌకర్యం లేకపోలేదు. 1919 అక్టోబరులో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పక్షవాతంతో మంచం పట్టినప్పుడు, ఆయన గదిలోకి ఏ కాగితం వెళ్లాలో, ఏది గుమ్మం దగ్గరే ఆగిపోవాలో భార్య ఈడిత్ తేల్చేవారు. రాజ్య వ్యవహారాల్లో తాను ఒక్క నిర్ణయమూ తీసుకోలేదని, ఏది ముఖ్యమో, ఏది కాదో, దేన్ని ఎప్పుడు భర్త ముందు పెట్టాలో మాత్రమే నిర్ణయించానని ఆమె తరవాత ఆత్మకథలో వివరించారు. మంత్రిగారి పేషీలో వారం రోజులు పనిచేసినవారికి తెలుసు, ఆ మాత్రం చేతిలో ఉంటే ఇక మంత్రిగారితో పనిలేదు. స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చే రాజ్యాంగ సవరణ అప్పటికింకా అమల్లోకి రాలేదు. అది 1920 ఆగస్టులో వచ్చింది.

నాన్సీ రీగన్ విషయంలో మాత్రం అమెరికన్లు అన్యాయం చేశారని నా అభిప్రాయం. 1981 మార్చిలో భర్త, అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ మీద కాల్పులు జరిగాక ఆమె శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక జ్యోతిష్కురాలిని సంప్రదించి, ఆయన ప్రయాణాలకూ సమావేశాలకూ మంచి రోజులు పెట్టించారు. అధ్యక్షుడి ప్రధాన సహాయకుడి బల్ల మీద ఉండే క్యాలెండరులో మంచి రోజులకు ఆకుపచ్చ సిరా, చెడ్డ రోజులకు ఎరుపు, ఎటూ తేలనివాటికి పసుపు. పదవి పోయిన ఆ సహాయకుడు 1988లో ఇదంతా పుస్తకంగా రాసేసరికి దేశం నవ్విపోయింది. వర్జ్యమూ దుర్ముహూర్తమూ చూడనిదే స్కూటరు కూడా కొనని మన దృష్టిలో, ఆ మహాఇల్లాలి తప్పల్లా పంచాంగాన్ని మూడు రంగుల్లో తేల్చేయడమే. అంతకుముందు శ్వేతసౌధానికి 2 లక్షల 9 వేల డాలర్ల పింగాణీ కొనిపించినప్పుడూ నిందపడ్డారు. ఆ డబ్బు ప్రభుత్వానిది కాదు, ఒక దాతృత్వ సంస్థది. అయినా కంచాలు లెక్కపెట్టడం ఎవరూ మానలేదు.

ఇక హిల్లరీ క్లింటన్. ఇంట్లో కూర్చుని బిస్కెట్లు కాల్చుకుంటూ ఉండాల్సిందేమో అని 1992లో భర్త బిల్ క్లింటన్ అధ్యక్ష ఎన్నికల వేళ నోరుజారినందుకు, ఒక మహిళా పత్రిక పెట్టిన బిస్కెట్ల పోటీలో నాటి ప్రథమ మహిళ బార్బరా బుష్ వంటకంతో ఆమె వంటకం తలపడింది. నెగ్గింది కూడా. మరుసటి ఏడాది అధ్యక్షుడైన భర్త ఆరోగ్య సంస్కరణల బృందానికి నాయకత్వం ఇస్తే, ప్రభుత్వోద్యోగులు కాని బయటివారున్న సంఘం తలుపులు మూసుకుని సమావేశాలు జరపకూడదనే చట్టం చూపి వైద్యుల సంఘం కోర్టుకెక్కింది. ఆ చట్టం మేరకు ఆమెను ప్రభుత్వోద్యోగిగానే భావించవచ్చని అప్పీలు కోర్టు తేల్చింది. తలుపు మూయడానికి ఉద్యోగి అయిన ఆమె, నెల తిరిగేసరికి మళ్లీ ఇల్లాలే. బయట జీతమిచ్చే కొలువును వదలకుండా అక్కడ కాపురం చేసిన తొలి ప్రథమ మహిళ కళాశాలలో ఇంగ్లీషు చెప్పిన జిల్ బైడెన్. అందుకు 2021 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు ద్వితీయ మహిళ ఉషా వాన్స్ మన అమ్మాయి. పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర పనిచేసి, న్యాయవాదిగా స్థిరపడిన ఆమె, 2024లో భర్త ఉపాధ్యక్ష అభ్యర్థి కాగానే ఆ ఉద్యోగం వదిలేశారు. అమెరికా సంబంధమనగానే ప్యాకేజీ ఎంతని అడిగే మనవాళ్లలో, ఈ కొత్త కొలువుకు జీతమెంతని అడిగినవాడు నాకింతవరకు తగల్లేదు.