సేవా గంటల పట్టికలో కనిపించని పిల్లలు

అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తల్లిదండ్రులకు, పిల్లల్ని నేషనల్ హానర్ సొసైటీ అనే గౌరవ సంఘంలోకి చేర్చుకునే ఆ సాయంత్రం బాగా తెలుసు. ఆడిటోరియంలో లైట్లు తగ్గిస్తారు. స్టేజీ మీద పొడవాటి బల్ల, దాని మీద తెల్లటి గుడ్డ, నాలుగు కొవ్వొత్తులు. సీనియర్లు ఒక్కొక్కరుగా వచ్చి చదువు, సేవ, నాయకత్వం, శీలం అంటూ ఒక్కోటి వెలిగిస్తారు. ఆ తర్వాత పేర్లు పిలుస్తుంటే పిల్లలు వరసగా స్టేజీ ఎక్కుతారు. కొందరి మెడలో టై వాళ్ల నాన్నదని చూడగానే తెలిసిపోతుంది. ఆ హాల్లో వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిన ప్రతిసారీ నాకు కళ్లు చెమర్చాయి. పదహారేళ్ల వయసులో నలుగురి ముందు 'నువ్వు మంచి పని చేశావు' అనిపించుకున్న పిల్లకి ఆ మాట చాలాకాలం తోడుంటుంది.

ఆ మాట ఎవరికి దక్కుతోంది, ఎవరికి దక్కకుండా పోతోంది అన్నదే నన్ను కొన్నేళ్లుగా వేధిస్తున్న ప్రశ్న.

ఈ సంప్రదాయానికి వందేళ్లు దాటాయి. నేషనల్ హానర్ సొసైటీ 1921లో మొదలైంది. హైస్కూల్ ప్రిన్సిపాళ్ల జాతీయ సంఘమే దాన్ని పెట్టింది. పిట్స్‌బర్గ్‌లోని ఫిఫ్త్ అవెన్యూ హైస్కూల్ ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ రైనర్సన్ అందుకు పూనుకున్నారు. ఆ నాలుగు కొవ్వొత్తులూ సొసైటీ చెప్పుకునే నాలుగు స్తంభాలకు గుర్తు. జాతీయ నిబంధన ప్రకారం జీపీఏ, అంటే మార్కుల సగటు, 4.0కి కనీసం 3.0 ఉండాలి. ఆ గీతను ఇంకా పైకి జరుపుకునే హక్కు ఒక్కో స్కూలుకి ఉంది, చాలా స్కూళ్లు జరుపుకున్నాయి కూడా. ఎవరిని తీసుకోవాలో ఐదుగురు టీచర్ల కమిటీ తేలుస్తుంది. అందులో ప్రిన్సిపల్‌కి ఓటు ఉండదు. కాగితం మీద ఇది మంచి పద్ధతే. పిల్లల్ని రోజూ చూసేవాళ్ల చేతిలోనే నిర్ణయం పెట్టారు.

చిక్కంతా సేవ దగ్గర వస్తుంది. చదువుకి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల పత్రం, ఉంది. దాని లోపాలు దానికున్నా, నాలుగేళ్ల చదువును వందమంది టీచర్లు కాకపోయినా పాతికమంది చూసి వేసిన మార్కులవి. సేవకి అలాంటి కాగితం లేదు. స్కూలు బయట జరిగే పనిని టీచర్లు కళ్లతో చూడలేరు. అందుకని అందరూ గంటల్ని పట్టుకున్నారు.

గంటలు అన్ని చోట్లా ఉన్నాయి. 1979లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పెట్టిన కాంగ్రెషనల్ అవార్డునే తీసుకోండి. బంగారు పతకం కావాలంటే 400 గంటల స్వచ్ఛంద సేవ, 200 గంటల వ్యక్తిగత వికాసం, మరో 200 గంటల వ్యాయామం చేయాలి. వీటికి తోడు నాలుగు రాత్రుల యాత్ర కూడా ఉంది. 2003లో మొదలుపెట్టిన ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డులో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లకి ఏడాదిలో 250 గంటలైతే గోల్డ్, 100 అయితే బ్రాంజ్ అని లెక్క పెట్టారు. మేరీల్యాండ్‌లోనైతే 75 గంటల సేవ చేయకపోతే డిప్లొమానే రాదు. వాషింగ్టన్ డీసీలో అది 100 గంటలు.

ఈ తప్పనిసరి సేవ మీద కోర్టులకెక్కిన వాళ్లూ ఉన్నారు. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ స్కూల్ డిస్ట్రిక్ట్ నాలుగేళ్లలో 60 గంటలు చేయాలని రూలు పెడితే, జీతం లేకుండా బలవంతంగా పని చేయించడం బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ 13వ సవరణకు విరుద్ధమని కొందరు దావా వేశారు. 1993లో అప్పీళ్ల కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పిల్లలు నేర్చుకోవడానికే ఆ పని పెట్టారు కాబట్టి అది బానిసత్వం కిందికి రాదంది. నాకూ ఆ తీర్పు సబబుగానే అనిపిస్తుంది. కనీసపు నిబంధనకి అంకె ఒకటి ఉండక తప్పదు. పైగా మేరీల్యాండ్ ఒట్టి గంటలతో సరిపెట్టలేదు. ముందు సిద్ధం కావాలి, తర్వాత పని చేయాలి, చివర్లో ఆ పని గురించి కూర్చుని ఆలోచించాలి అని మూడు దశలు పెట్టింది.

గౌరవం సంగతి వేరు. కనీసపు నిబంధన అందరూ దాటాల్సిన గడప. గౌరవం కొందరిని ఎంచి చేసేది. గడప కోసం పెట్టిన కొలతని తెచ్చి ఎంపికకి వాడితే, ఎవరికి ఎక్కువ ఖాళీ టైమ్ ఉందో, ఎవరికి కారులో దింపే అమ్మానాన్నలున్నారో వాళ్లే పైకి తేలతారు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నా చేత్తో నేను చేసిన పని అది.

మా ప్రాంతంలో ఓ చిన్న సంస్థ ఏటా హైస్కూల్ సీనియర్లకి స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. కొన్నేళ్ల క్రితం దరఖాస్తులు చదవడానికి నన్నూ పిలిచారు. చదువుకి 40 మార్కులు, నాయకత్వానికి 30, సేవకి 30. సేవా మార్కులకి ఒక పట్టిక ఇచ్చారు: ఇన్ని గంటలకి ఇన్ని మార్కులు. ఒక అమ్మాయి దరఖాస్తులో టైమ్ షీట్ ముచ్చటగా ఉంది. ఆరు నెలల తేదీలు, వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్, పక్కన సూపర్‌వైజర్ పొట్టి సంతకం. మొత్తం 212 గంటలు. ఆ సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే రోజు పెట్టినట్టున్నాయి. అందులో మోసం ఉందని నేననను. సూపర్‌వైజర్లు తీరిక దొరికిన రోజునే అన్నిటికీ కలిపి సంతకం పెడతారు. కానీ ఆ ఆరు నెలల్లో ఆ అమ్మాయి ఏం చేసిందో ఎంత వెతికినా దొరకలేదు. 'వివిధ కార్యక్రమాల్లో సహాయం' అని మాత్రం ఉంది. పట్టిక ప్రకారం 30కి 30 వేశాను.

దాని కింద ఇంకో దరఖాస్తు. సేవ అన్న గడి ఖాళీ. ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయండి అన్న చోట, పేజీ అడుగున, ఒకే వాక్యం ఉంది. స్కూలయ్యాక తమ్ముణ్ణి ఎలిమెంటరీ స్కూల్ నుంచి తీసుకొచ్చి, అమ్మ రాత్రి షిఫ్ట్‌కి వెళ్తుంది కాబట్టి బామ్మకి మందులిచ్చి, ఇద్దరూ పడుకున్నాక హోమ్‌వర్క్ చేసుకుంటానని ఆ అబ్బాయి రాశాడు. జీపీఏ 3.7. సేవకి సున్నా వేశాను. పట్టికలో దానికి వరసే లేదు.

ఆ సున్నా నన్ను ఇప్పటికీ వదల్లేదు. రోజుకి నాలుగు గంటల చొప్పున వేసుకున్నా, వారానికి ఐదు రోజులు, బడి నడిచే నెలలు కలుపుకుంటే ఆ అబ్బాయి చేసింది ఏడాదికి 700 గంటల పైమాటే. బంగారు పతకానికి అడిగే 400 గంటల కన్నా అదెంతో ఎక్కువ. కానీ ఇంట్లో చేసింది సేవ కింద లెక్కలోకి రాదు. కిరాణా షాపులో క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడి ఇంటి అద్దెకి సాయం చేసే పిల్లల గంటలూ రావు, ఎందుకంటే జీతం ముట్టింది. సేవంటే ప్రతిఫలం లేకుండా స్కూలుకో సమాజానికో చేసేదని నిర్వచనం. వినడానికి అందులో తప్పేం లేదు. ఆచరణలో మాత్రం అది, ఉచితంగా పని చేయగల స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలకే గౌరవాన్ని కేటాయిస్తోంది.

కాలేజీ అడ్మిషన్ల వైపు ఈ సంగతి కొంత ముందే గుర్తించారు. చాలా కాలేజీలకి ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ అప్లికేషన్‌లో పిల్లలు పది వ్యాపకాల వరకు రాసుకోవచ్చు, ఒక్కోదాని వివరణకి 150 అక్షరాలు. ఆ జాబితాలో కుటుంబ బాధ్యతలు, జీతం వచ్చే ఉద్యోగం కూడా విడి విభాగాలుగా ఉన్నాయి. హార్వర్డ్ విద్యాశాస్త్ర విభాగంలోని ఒక బృందం 2016లో విడుదల చేసిన నివేదికకి 'టర్నింగ్ ద టైడ్' అని పేరు. దరఖాస్తుల్లో వ్యాపకాల సంఖ్య తగ్గాలని, ఇంటి కోసం చేసే పనినీ సేవగా చూడాలని అది కాలేజీలని కోరింది. అయినా స్థానిక అవార్డుల పట్టికలు మాత్రం పాత గంటల దగ్గరే ఆగిపోయాయి. మాదీ అంతే.

మన తెలుగు ఇళ్ల గురించి ఒక మాట చెప్పాలి. వేసవి సెలవులు మొదలవక ముందే వాట్సాప్ గ్రూపుల్లో 'సర్వీస్ అవర్స్ ఎక్కడ దొరుకుతాయి' అని మెసేజ్‌లు మొదలవుతాయి. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. పరాయి దేశంలో రూల్స్ ఏంటో పూర్తిగా తెలియక, ఎక్కడ వెనకబడతారోనన్న భయంతో పిల్లల్ని తోస్తున్నాం. కానీ 'దొరకడం' అన్న మాట దగ్గర ఆగి ఒక్కసారి ఆలోచించండి. పక్కవీధిలో ఒంటరిగా ఉండే ముసలాయనకి ఇంగ్లిష్ ఉత్తరాలు చదివిపెట్టే పిల్లని 'దానికి సర్టిఫికెట్ ఇస్తారా' అని మనమే అడుగుతున్నాం. ఇవ్వరంటే మానిపిస్తున్నాం. సేవంటే సర్టిఫికెట్ కోసమేనని ఆ పిల్ల నేర్చుకునేది అప్పుడే.

నాయకత్వం దగ్గరా ఇదే వరస. క్లబ్ ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, ఫౌండర్ అని దరఖాస్తుల నిండా పదవులే. పదకొండో తరగతిలో సొంతంగా నాన్‌ప్రాఫిట్ (లాభాపేక్ష లేని సంస్థ) పెట్టడం ఇప్పుడు ఒక అలవాటైంది. చిన్న సంస్థల కోసం పన్నుల శాఖ 2014లో తెచ్చిన పొట్టి ఫారంతో, 275 డాలర్ల ఫీజుతో, పన్ను మినహాయింపు గుర్తింపు తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. వాటిలో నిజంగా పని చేసేవి ఉన్నాయి, ఆ పిల్లలకి నా దండం. కానీ ఊళ్లో అప్పటికే ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఫుడ్ బ్యాంక్ ఉంటే, అందులో చేరి బియ్యం బస్తాలు మోసిన పిల్లాడి కంటే, పక్కనే కొత్త పేరుతో ఇంకోటి పెట్టిన పిల్లాడికి ఎక్కువ మార్కులు ఎందుకు పడాలి? ఎవరి కిందో పని చేయడానికి సిద్ధపడటం కూడా నాయకత్వంలో భాగమే. దాన్ని మన పట్టికలు పట్టుకోవడం లేదు.

కొలవడానికి వేరే దారి లేదా అంటే ఉంది, అదీ వందేళ్ల పైనుంచి కళ్లెదుటే ఉంది. స్కౌట్లలో అత్యున్నతమైన ఈగల్ ర్యాంకు 1912 నుంచి ఇస్తున్నారు. దానికి 21 మెరిట్ బ్యాడ్జీలతో పాటు ఒక సేవా ప్రాజెక్టు పూర్తి చేయాలి. ఆ ప్రాజెక్టుకి కనీసం ఇన్ని గంటలని నిబంధన లేదు. గంటలు రాసుకోమంటారు గానీ వాటిని బట్టి పాస్, ఫెయిల్ చేయరు. స్కౌటే పని ఎంచుకోవాలి, అది స్కౌట్ సంస్థకి కాకుండా బయటివాళ్లకి పనికిరావాలి. ముందే ప్రణాళిక రాసి, ఆ పని ఎవరికోసమో వాళ్లతో ఒప్పించుకోవాలి. తర్వాత ఇతరుల్ని కూడగట్టి నడిపించాలి. చివర్లో పెద్దలు ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. ఎక్కడ తడబడ్డావు, నీ వెంట వచ్చినవాళ్లు మధ్యలో మానేస్తే ఏం చేశావు లాంటి ప్రశ్నలు అక్కడ వస్తాయి. గర్ల్ స్కౌట్స్ గోల్డ్ అవార్డుకి 80 గంటలన్నది సూచన మాత్రమే. సమస్యకి మూలం ఎక్కడుంది, నువ్వు వెళ్లిపోయాక ఈ పని ఎలా కొనసాగుతుంది అన్నవే అక్కడ అసలు ప్రశ్నలు. వాటికి నెలల పాటు పని చేసిన పిల్ల చెప్పే జవాబు ఎలా ఉంటుందో, టైమ్ షీట్ నింపిన పిల్ల చెప్పేది ఎలా ఉంటుందో పది నిమిషాల్లో తేలిపోతుంది.

అలాగని మనుషుల తీర్పుకి పూర్తిగా వదిలేద్దాం అనలేను. నాలుగో కొవ్వొత్తి శీలం ఎలాంటి చేతుల్లో పడిందో చూస్తే భయమేస్తుంది. కెంటకీలోని గ్రాంట్ కౌంటీలో ఇద్దరు అమ్మాయిలకి హానర్ సొసైటీకి కావలసిన మార్కులున్నా ఎంపిక చేయలేదు. గర్భం దాల్చినందుకే పక్కన పెట్టారని వాళ్లు కోర్టుకి వెళ్లారు. ఆడా మగా తేడా చూపడం చెల్లదంటూ 1998లో ఫెడరల్ జడ్జి వాళ్లని చేర్చుకోమని ఆదేశించారు. ఆ స్కూల్లో అబ్బాయిల గురించి అలాంటి ఆరా ఎవరూ తీయలేదు మరి. తలుపులు మూసుకుని ఐదుగురు తేల్చే చోట ఊరి గుసగుసలు కూడా శీలం పేరుతో లోపలికి వచ్చేస్తాయి. కాబట్టి పిల్లని ఏమడగబోతున్నామో ముందే చెప్పాలి. వద్దనుకుంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. మరోసారి చూడమని అడిగే వీలుండాలి. ఈ మూడూ లేని కమిటీ కంటే గంటల పట్టికే నయం.

మా కమిటీలో నేను ఈ గొడవ లేవనెత్తితే మొదటి ఏడాది ఎవరూ ఒప్పుకోలేదు. ఇంటిపనికి మార్కులు వేస్తే అందరూ అదే రాస్తారు, ఎవరు నిజం చెబుతున్నారో ఎలా తెలుస్తుంది అన్నారు. న్యాయమైన సందేహమే. కానీ 212 గంటల కింద ఉన్న సంతకాల్ని మాత్రం మేమెప్పుడు సరిచూశాం? రెండో ఏడాది ఫారంలో ఒక గడి చేర్చాం: 'నీ మీద ఆధారపడిన మనుషులు ఎవరు? నువ్వు లేని రోజున వాళ్లకి ఏ పని ఆగిపోతుంది?' నీ పని చూసిన ఒక పెద్దమనిషితో నాలుగు వాక్యాలు రాయించమన్నాం. టీచరే కానక్కర్లేదు, పక్కింటివాళ్లయినా, షాపు ఓనరైనా సరే.

అనుకున్నట్టు అందరూ ఒకేలా రాయలేదు. కొందరు ఖాళీగా వదిలేశారు, కొందరు పెంపుడు కుక్క గురించి రాశారు. లాండ్రోమ్యాట్ (డబ్బులేసి బట్టలు ఉతుక్కునే షాపు) నడిపే ఒకాయన, తన దగ్గర సాయంత్రాలు పనిచేసే అమ్మాయి గురించి పెన్సిల్‌తో రాసి పంపారు. ఇంగ్లిష్ చదవడం రాని కస్టమర్లు తెచ్చుకున్న కరెంటు బిల్లులు, స్కూల్ నోటీసులు ఆ అమ్మాయి బట్టలు మడతపెడుతూనే చదివిపెడుతుందట. ఆమె సెలవు పెట్టిన రోజు వాళ్లు కాగితాలు జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోతారట. ఆ అమ్మాయి తన ఫారంలో ఈ సంగతి రాసుకోలేదు. సేవ అన్న గడిలో సున్నా వేసి ఉంది.

ఆ పెన్సిల్ కాగితానికి ఎన్ని మార్కులు వేయాలో తేల్చుకోవడానికి ఆ రాత్రి మాకు పదకొండు దాటింది.