గుమ్మం పక్కన వేలాడే ఎర్ర సంచీకి

ఏమమ్మా, ఆపదొస్తే భుజానికేసుకుని పరిగెత్తాల్సిన ఎర్ర సంచీ,

నిన్న రాత్రి రెండు గంటలకి మంచం ఊగింది. పెద్దదేం కాదు, షిందో (ఊపు ఎంతో చెప్పే జపాన్ కొలత) 3 అని తర్వాత ఫోన్‌లో చూశాను. ఇక్కడ పుట్టినవాళ్ళు దానికి దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటారు, అంతే. నేను మాత్రం ఇన్నేళ్ళయినా నిన్ననే విమానం దిగినవాడిలా ఉలిక్కిపడి లేచి, చీకట్లో గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చి, నీ జిప్పు లాగి, టార్చి తీసి నొక్కాను. వెలగలేదు. దాని బ్యాటరీలు మావాడి బొమ్మ బుల్లెట్ ట్రైన్‌లో తిరుగుతున్నాయని పొద్దున్న కాఫీ దగ్గర బయటపడింది. దొంగ ఎవరో తెలుసు, మార్చింది నేనే. అయినా ఎవరినో ఒకరిని తిట్టాలి కదా, ఇంట్లో ఎదురు మాట్లాడనిది నువ్వొక్కదానివే.

నువ్వు మా ఇంటికి ఎలా వచ్చావో నీకు తెలీదు. 2018లో విశాఖపట్నం నుంచి టోక్యో వచ్చి నిషి కసాయిలో దిగాం. మనవాళ్ళు చాలామంది అక్కడే ఉంటారు, కందిపప్పు, సోనా మసూరి నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు, ఇంకేం కావాలి? ఇల్లు వెతికేటప్పుడు తెలుగువాడు అద్దె ఎంత అంటాడు, స్టేషన్ ఎంత దూరం అంటాడు, వాస్తు పిచ్చి ఉంటే గుమ్మం ఎటు అంటాడు. ఈ నేల సముద్రానికి పైన ఉందా కింద ఉందా అని ఎవడడుగుతాడు? మర్నాడు కాదు, మరుసటి ఏడాది వచ్చింది జవాబు. 2019లో మా ఎదొగావా వార్డు కొత్త వరద మ్యాపు పంచింది. అట్ట మీద వార్డు బొమ్మ, మధ్యలో ఒకే ఒక్క వాక్యం. ఫోన్ కెమెరా పెట్టి చూస్తే "ఇక్కడ ఉండకూడదు" అని వచ్చింది. అనువాదం తప్పేమో అనుకుని ఆఫీసులో పక్క సీటాయనకి చూపించాను. ఆయన చదివి, కాసేపు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "అదే రాసుంది" అన్నాడు. అరకావా, ఎదొగావా నదులు సముద్రంలో కలిసే చోటు ఇది, వార్డు నేలలో దాదాపు 70 శాతం పోటు సమయంలో సముద్రం కంటే కిందే ఉంటుంది, పెద్ద వరదొస్తే కొన్నిచోట్ల రెండు వారాలైనా నీళ్ళు తీయవట. రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టి, తిరిగిరాని కానుక డబ్బు ఇంటివాళ్ళ చేతిలో పోసి, పెట్టెలన్నీ విప్పేసుకున్నాక ఈ సంగతి చెప్తే ఏం చెయ్యను? ఆ సాయంత్రమే వెళ్ళి నిన్ను కొన్నాను. వరద ఆపలేను కాబట్టి సంచీ కొనుక్కున్నానన్నమాట.

నీ కడుపులో ముప్పై రకాలున్నాయని పైన రాసి ఉంది. వెండి రేకు దుప్పటి, చేత్తో తిప్పే రేడియో, విజిల్, డబ్బాలో కంపాన్ అనే గట్టి బిస్కట్లు. ఆ బిస్కట్ల మధ్య పటికబెల్లం పలుకులు కూడా పెడతారు, నోరెండిపోకుండా ఉండాలని. ఇంత ఆలోచన ఉన్నవాళ్ళని చూస్తే ముచ్చటేసింది, ఒప్పుకుంటాను. ఇంకో ప్యాకెట్లో తెల్లటి పొడి. మా అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు దాన్ని చింపి వేలితో అద్ది, "ఇదేట్రా, సగ్గుబియ్యం రవ్వా?" అంది. నాలిక దాకా వెళ్ళేలోపు పరిగెత్తాను. కుళాయిలు పనిచెయ్యనప్పుడు టాయిలెట్ సంచీలో చల్లే పొడి అది, తడి తగిలితే గడ్డకడుతుంది. అమ్మ చెయ్యి మూడుసార్లు కడుక్కుంది, తర్వాత నీ వైపు చూడనే లేదు. మంచం పక్కన బూట్లు పెట్టుకోవాలి, గాజు పెంకులు గుచ్చుకోకుండా, అని చెప్తే మాత్రం నా వైపే చూడ్డం మానేసింది. పడుకునే గదిలో చెప్పులు! దానికంటే భూకంపమే నయం అన్నట్టు పెట్టింది మొహం.

ఇక నా దొంగతనాలు. జ్వరం మాత్రలు నీలోంచే, కట్టు గుడ్డ నీలోంచే, వంద యెన్‌ల నాణేలు లాండ్రీ మెషీన్‌కి నీలోంచే, తడి టిష్యూలు ఉఎనో పార్కులో చెర్రీపూల కింద పులిహోర తిన్నాక నీలోంచే. తీసినప్పుడల్లా "రేపు పెట్టేద్దాం" అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. పెట్టింది ఒక్కటే, చిన్న సీసాలో ఆవకాయ. అది మూత వదులై, మా పాస్‌పోర్ట్ జిరాక్సుల మీద నూనె ఒలకబోసుకుంది. ఇప్పుడు నా ఫోటో నుదుటి మీద ఎర్రటి మరక, చూసినవాళ్ళు బొట్టనుకోవాలి.

దీనికి ఇక్కడ ఒక పద్ధతుంది, రోలింగ్ స్టాక్ అంటారు. నిల్వ పెట్టుకో, పాతది తింటూ ఉండు, తిన్నంత మళ్ళీ కొని పెట్టు. టీవీలో దీన్ని ఏదో కొత్త శాస్త్రంలాగా బొమ్మలు గీసి చెప్తుంటే మా ఆవిడ పగలబడి నవ్వింది. వేసవిలో ఆవకాయ, ఒడియాలు, చింతపండు ఏడాదికి సరిపడా, బియ్యం బస్తాల లెక్కన కొనే జాతికి నిల్వ గురించి క్లాసా? నిల్వ మాకొచ్చు. మాకు రానిది ఆ "మళ్ళీ కొని పెట్టు" అనే ముక్క. పైగా నీళ్ళు! మనిషికి రోజుకి 3 లీటర్లు, కనీసం మూడు రోజులకి, వీలైతే వారానికి. ముగ్గురికి వారం అంటే 63 లీటర్లు. ఈ ఇంట్లో సోఫాకే చోటు లేక నేల మీద కూర్చుంటున్నాం. బీరువా మీద పడకుండా గోడకి బిగించమంటారు ఒక పక్క, గోడకి చిల్లు పడితే డిపాజిట్లో కోత అంటారు ఇంకో పక్క. ప్రాణమా డిపాజిట్టా అని చాలాసేపు ఆలోచించి, చివరికి పైకప్పుకీ బీరువాకీ మధ్య బిగించే గడకర్రలు కొన్నాను.

నీకు అసలు పరీక్ష వచ్చింది మాత్రం 2019 అక్టోబర్ 12, శనివారం. ప్రపంచానికి హగిబిస్, ఇక్కడివాళ్ళకి 19వ నంబరు తుఫాను, క్లాసులో రోల్ నంబరు పిలిచినట్టు. ఫలానా టైము నుంచి రైళ్ళు నడవవని ముందే చెప్పి మరీ ఆపేశారు. షాపులో బ్రెడ్డు లేదు, నీళ్ళు లేవు, కప్పు నూడుల్స్ లేవు, ఒక్క కారం నూడుల్స్ వరస మాత్రం ఎవరూ ముట్టకుండా నిండుగా నిలబడి ఉంది. దేవుడున్నాడనుకుని బుట్ట నింపాను. కిటికీలకి టేపు వేశాం, బాల్కనీలో బట్టలారేసే గడలు లోపలికి తెచ్చాం. స్నానాల తొట్టె నింపుకోమన్నారు, తొట్టెతో పాటు బకెట్లు, గిన్నెలు, ఇడ్లీ పాత్ర కూడా నింపేశాం, కుళాయి వస్తున్నప్పుడే పట్టుకోవాలని మనకొకరు నేర్పాలా?

మధ్యాహ్నం నాన్న ఫోను. "ఆ దేశంలో ఎందుకురా, వచ్చెయ్యండి" అని. సరిగ్గా ఐదేళ్ళ ముందు, 2014లో, ఇదే అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. ఎయిర్‌పోర్టు పైకప్పు చీరేసింది, కొండల మీద పచ్చదనమంతా ఊడ్చేసింది, మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్ కోసం నాన్న మూడు కిలోమీటర్లు నడిచాడు. ఆ ఇంట్లో కూర్చునే నన్ను రమ్మంటున్నాడు. గుర్తు చేస్తే, "అది వేరురా, అది మన తుఫాను" అన్నాడు.

సాయంత్రం ఆరు దాటాక, ఇంకాసేపట్లో తుఫాను ఇజు దగ్గర తీరం దాటుతుందనగా, ఇల్లు కూడా ఊగింది. గాలి అనుకున్నాను. కాదు, చిబా తీరం పక్కన భూకంపం. నేను చెప్తే మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మరు, రెండూ ఒకే గంటలో. భూకంపం వస్తే ముందు తలుపు తెరువు, చట్రం వంగితే ఇరుక్కుపోతుంది అని ఒక పుస్తకం. తుఫానులో తలుపు తెరవకు అని ఇంకో పుస్తకం. రెండూ ఒకే కౌంటర్లో తీసుకున్నవే. నేను నిన్ను భుజానికేసుకుని, తలుపు జానెడు తీసి, కాలు అడ్డుపెట్టి నిలబడ్డాను. వాన కారిడార్లోంచి అడ్డంగా కొట్టి సాక్సులు తడిపేసింది, ఫోను గంటకొట్టినట్టు మోగుతూనే ఉంది. "వెళ్తున్నావా, ఉంటున్నావా?" అంది మా ఆవిడ. ఎక్కడికి? హినాన్‌బాషో అంటే ప్రాణం దక్కించుకోడానికి పరిగెత్తే చోటు, హినాన్‌జో అంటే తర్వాత తలదాచుకునే చోటు. చివర అక్షరాల్లో ఉన్న ఆ తేడా తెలుసుకోడానికే నాకు ఏడాది పట్టింది. నీలో ముప్పై రకాలున్నాయి కానీ, ఎటు వెళ్ళాలో చెప్పే చీటీ లేదు.

అప్పుడు పక్కింటి ముసలావిడ తన తలుపు తీసి తొంగిచూసింది, చేతిలో టీ కప్పు. నన్నూ, నా కాలినీ, నిన్నూ చూసింది. "ఏడో అంతస్తు మనది. నీళ్ళొస్తే కిందివాళ్ళే పైకొస్తారు. తలుపు వేసుకో, వాళ్ళు కూర్చోడానికి చోటు చెయ్యి" అంది, నాకు అర్థమయ్యేలా తేలిక జపనీస్‌లో. తర్వాత నీ పట్టీకి వేలాడుతున్న ధర చీటీ చూపించి నవ్వింది. ఐదు నెలలుగా దాన్ని తీయలేదు మేం.

ఇక ఈ ఇంట్లో సిద్ధంగా ఉన్న ఏకైక వ్యక్తి మావాడు. కిండర్‌గార్టెన్‌లోనే పురుగులా ముడుచుకుని తల కాపాడుకోవడం నేర్పారు, బడిలో ఒ-క-షి-మో నేర్పారు, నాలుగు జపనీస్ మాటల మొదటి అక్షరాలవి. తోసుకోవద్దు, పరిగెత్తొద్దు, మాట్లాడొద్దు, వెనక్కి వెళ్ళొద్దు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పండగ బస్సెక్కి పెరిగిన తండ్రికి చెప్తున్నాడు, తోసుకోవద్దని. మాట్లాడొద్దు అన్న దగ్గరే మొత్తం వంశం ఫెయిల్. 171 కథ వింటే తెలుస్తుంది. పెద్ద విపత్తులో ఫోన్లు కలవనప్పుడు ఆ నంబరుకి చేసి సందేశం వదిలితే ఇంట్లోవాళ్ళు విని క్షేమం తెలుసుకుంటారు, ప్రతి నెలా 1, 15 తేదీల్లో ప్రాక్టీసు కూడా చేసుకోవచ్చు. సందేశానికి 30 సెకన్లు. మా ఆవిడ మొదటిసారి వదిలింది విన్నాను: "హలో, ఆ, నేనేనండీ, మేం బాగానే ఉన్నాం అనుకోండి, ఇప్పుడు బడి దగ్గర ఉన్నాం అనుకోండి, అన్నట్టు వచ్చేటప్పుడు కరివేపాకు..." అక్కడ కట్.

2024 ఆగస్టు 8 గుర్తుందా? హ్యూగా సముద్రంలో 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది, సముద్రం అడుగున ఉన్న నన్‌కాయ్ అగాధం దగ్గర మహా భూకంపం వచ్చే అవకాశం మామూలు కంటే పెరిగిందని వాతావరణ సంస్థ మొదటిసారి ప్రకటన ఇచ్చింది. వారం రోజులు మామూలుగా బతకండి, కానీ పారిపోడానికి సిద్ధంగా ఉండండి, అని సారాంశం. మామూలుగా బతకడమా, సిద్ధంగా ఉండడమా, తేల్చుకోలేక జనం బియ్యం కొనేశారు. అసలే కొరతగా ఉన్న బియ్యం టోక్యో షాపుల్లో కూడా కనపడలేదు. నీ మీద నమ్మకంతో జిప్పు తీశాను. వేణ్ణీళ్ళు పోస్తే పావుగంటలో, చన్నీళ్ళు పోస్తే గంటలో అన్నమయ్యే ఆ ప్యాకెట్లకి ఐదేళ్ళ గడువు, అది దాటి మూడు నెలలైంది. ఆ రాత్రే అన్నీ విప్పి ఆవకాయతో తినేశాం, బాగానే ఉన్నాయి.

మంచం కింద పది కిలోల సోనా మసూరి మాత్రం ఉంది. పక్కింటావిడ షాపు నుంచి ఉత్త చేతులతో వస్తుంటే రెండు కిలోలు ఇచ్చాను. మర్నాడు గిన్నె తిరిగిస్తూ, చాలా మర్యాదగా, ఇది పుల్లలకి అంటుకోవట్లేదు, మీరెలా తింటారు అని అడిగింది. చెయ్యి చూపించాను.

సరే. ఇవాళ కొత్త బ్యాటరీలు వేశాను, కొత్త అన్నం ప్యాకెట్లు పెట్టాను, జిరాక్సులు కూడా మళ్ళీ తీయించాను, ఆవకాయ సీసాకి రెండు కవర్లు చుట్టాను. ధర చీటీ కత్తిరించాను. మావాడి రైలు పొద్దున్నుంచి ఆగిపోయి ఉంది, వాడు చేతులు వెనక్కి పెట్టుకుని నీ చుట్టూ తిరుగుతున్నాడు. జిప్పు గట్టిగా పట్టుకో.

ఇట్లు,
ఏడో అంతస్తు, బ్యాటరీల దొంగ