దుంపరొట్టెలో దుంపని బతకనివ్వండి

ఐర్లండ్ ఉత్తర భాగంలో, అల్స్టర్ వైపు, పొద్దున్నే తినే బంగాళాదుంప రొట్టె మీద ఈ మధ్య తెలుగు వంటల వీడియోలు వరసగా వస్తున్నాయి. చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. కప్పు దుంపకి రెండు కప్పుల మైదా, ఒక గుడ్డు, బేకింగ్ పౌడర్, పైన గరం మసాలా, పచ్చిమిర్చి, కొత్తిమీర. చివర్లో "ఐరిష్ ఆలూ పరాఠా రెడీ అండీ" అని నవ్వు. అది పరాఠాయే. పరాఠా అనే చేసుకోండి, ఇంటిల్లిపాదీ తినండి, రుచిగానే ఉంటుంది. దానికి ఐర్లండ్ పేరు తగిలించడమే నాకు నచ్చనిది.

నేను ఉండేది బెల్‌ఫాస్ట్‌లో. ఇక్కడ దీన్ని పొటాటో బ్రెడ్ అంటారు, పొటాటో ఫార్ల్ (ఫార్ల్ అంటే నాలుగో వంతు ముక్క) అంటారు, కొన్నిచోట్ల ఫ్యాడ్జ్ అని కూడా అంటారు. పేరేదైనా అందులో పడేవి నాలుగే. అరకిలో ఉడికిన దుంపకి సుమారు 100 గ్రాముల మైదా, 25 గ్రాముల వెన్న, అర చెంచా ఉప్పు. ఈస్ట్ లేదు, గుడ్డు లేదు, సోడా లేదు. సోడా, మజ్జిగ పడేది దీని పక్కనే ప్లేట్లో ఉండే సోడా ఫార్ల్‌లో. అది వేరే రొట్టె. పరాఠాలో గోధుమపిండి దుంపని మోస్తుంది. ఇక్కడ దుంపే రొట్టె, మైదా అది చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి మాత్రమే. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతాదంతా దానంతట అదే కుదురుతుంది.

కాబట్టి అసలు పని కొనే దగ్గరే మొదలవుతుంది. పిండి పదార్థం ఎక్కువ, నీరు తక్కువ ఉన్న దుంప కావాలి. ఇక్కడైతే కెర్స్ పింక్, రూస్టర్, మారిస్ పైపర్ లాంటివి దొరుకుతాయి. ఉడికేటప్పటికి తొక్క పగిలి, లోపల పొడిపొడిగా రాలుతుంది. అలాంటి దుంపని ఇక్కడి పెద్దవాళ్ళు "పిండి ఉండలు" అని మెచ్చుకుంటారు, దుంపకి అంతకు మించిన పొగడ్త లేదు. మన బజార్లో రకం పేరు రాసిపెట్టి అమ్మేవాళ్ళు తక్కువ. తెలిస్తే కుఫ్రి చిప్సోనా తీసుకోండి. చిప్స్ కోసం పెంచిన రకం, నీరు తక్కువ. కుఫ్రి పుఖ్రాజ్ కూరకి బాగుంటుంది కానీ దీనికి వద్దు. గోరుతో గీరితే తొక్క ఊడొచ్చే కొత్త దుంపలూ వద్దు, అవి జిగురవుతాయి. ఇంకొకటి, దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి అందులోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అప్పుడు రొట్టె తియ్యబడి, లోపల కాలకముందే పైన నల్లబడుతుంది.

కుక్కర్ సంగతి. మనందరికీ చెయ్యి ముందు కుక్కర్ మీదకే పోతుంది, తెలుసు. ఈ ఒక్క వంటకి దాన్ని పక్కన పెట్టండి. దుంపల్ని తొక్కతోనే చన్నీళ్ళలో వేసి, ఉప్పేసి, మామూలు గిన్నెలో సన్నటి సెగ మీద ఉడికించండి. నీళ్ళు పూర్తిగా వార్చేసి, ఖాళీ గిన్నెని మళ్ళీ పొయ్యి మీద పెట్టి రెండు నిమిషాలు ఆవిరి పోనివ్వండి. మైదా ఎక్కువ పట్టడానికి కారణం తొంభై పాళ్ళు ఇక్కడే ఉంది. దుంపలో తడి మిగిలిపోతుంది, ముద్ద చేతికి అంటుకుంటుంది, గుప్పెడు పిండి వేస్తాం, ఇంకా అంటుకుంటుంది, ఇంకో గుప్పెడు వేస్తాం. చివరికి దుంప వాసన కూడా మిగలదు. తడిని పిండితో కాదు, ఆవిరితో పోగొట్టాలి.

వేడి మీదే తొక్క తీసి పప్పుగుత్తితో మెదపండి. ఉండలు ఉండకూడదు. మిక్సీలో మాత్రం వెయ్యకండి, దండం పెడతాను. బ్లేడు తిరిగిన కొద్దీ దుంప కణాలు పగిలి పిండి పదార్థం బయటికొచ్చేస్తుంది, రొట్టెకి బదులు బంక తయారవుతుంది. ఒకసారి బంకయ్యాక ఎంత మైదా పోసినా బాగుపడదు. వెన్న, ఉప్పు, తర్వాత మైదా కలిపి, ముద్దయ్యేంతవరకే చెయ్యి పెట్టాలి. చపాతీ పిండిని మర్దించే అలవాటున్న చేతులకి ఇక్కడ ఆగడం కష్టం, అయినా ఆగాలి. ముద్ద గోరువెచ్చగా ఉండగానే ఒత్తేయాలి. చల్లారితే అంచులు పగుళ్ళిస్తాయి.

పీట మీద పొడిపిండి చల్లి, చిటికెనవేలి మందం కంటే కొంచెం తక్కువగా గుండ్రంగా ఒత్తి, నిలువుగా ఒక గాటు, అడ్డంగా ఒక గాటు. నాలుగు ముక్కలు. ఆ నాలుగో వంతు ఆకారమే దీని గుర్తు. వెనకటి రోజుల్లో ఇళ్ళలో పొయ్యి మీద ఇనపకొక్కేనికి వేలాడే గుండ్రటి పెనం ఉండేది, కింద చిత్తడి నేలల్లోంచి తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డల మంట. మన దోసెల ఇనప పెనం ఈ పనికి చక్కగా సరిపోతుంది. నూనె వెయ్యకండి. పొడి పెనం మీద మధ్యస్థంగా సెగ పెట్టి, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు, మచ్చలు పడేదాకా కాల్చాలి. నూనెలో వేయించడం తర్వాతి సంగతి, రెండో అంకం. బేకన్ వేగిన కొవ్వులో ఈ ముక్కల్ని మళ్ళీ వేయించి గుడ్డు, సాసేజీ, సోడా ఫార్ల్‌తో పెట్టేదే అల్స్టర్ ఫ్రై. మాంసం తినని ఇంట్లో వెన్న చాలు. మొదటి కాల్పు ఎగ్గొట్టి నేరుగా నూనెలో వేస్తే అది కట్లెట్ అవుతుంది, పైగా నూనె కారుతూ ఉంటుంది.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే మాట. దీన్ని "కరువు రొట్టె" అంటున్నారు. ఐర్లండ్ పేదలు మహా కరువులో ఇది తిని బతికారట! 1845లో ఫైటోఫ్తోరా అనే తెగులు పొలాల్లో దుంపల్ని కుళ్ళబెట్టింది. ఆ ఏళ్ళలో లేకుండా పోయింది ఆ దుంపే. పేదల్లో ఎక్కువమంది నమ్ముకున్నది లంపర్ అనే ఒకే రకాన్ని, దానికి తెగులుని తట్టుకునే శక్తి లేదు. పది లక్షల మంది ఆకలికీ జ్వరాలకీ పోయారు, ఇంచుమించు అంతమంది ఓడలెక్కి దేశం వదిలారు. 1841లో 80 లక్షలు దాటిన జనాభా 1851కి 65 లక్షలకి పడిపోయింది. అదే సమయంలో రేవుల్లోంచి ధాన్యం, వెన్న ఇంగ్లండ్‌కి వెళ్తూనే ఉన్నాయి. 1876లో మొదలైన ధాత కరువు గురించి మన సీమలో తరతరాలుగా చెప్పుకున్నది విన్నవాళ్ళకి ఇది కొత్త కథ కాదు. అక్కడా తిండి లేక కాదు జనం పోయింది, తిండి వాళ్ళ చేతికి అందక. కుళ్ళిన చేను ముందు నిలబడ్డవాళ్ళ దగ్గర మెదపడానికి దుంపేది, కలపడానికి వెన్నేది? దుంప పండిన ఇంట్లో, రాత్రి మిగిలినదాన్ని పారెయ్యని ఇంట్లో పుట్టిన రొట్టె ఇది. ఆ చావుల్ని తెచ్చి వీడియో మొదట్లో సెంటిమెంటుకి అంటించడం తప్పు. నిజంగా పట్టించుకునేవాళ్ళు ఆ చరిత్రని విడిగా, పూర్తిగా చెప్పండి.

బాక్స్టీ అని ఇంకొకటి ఉంది, దాన్నీ దీన్నీ కలిపేస్తున్నారు. లీట్రిమ్, కావన్ వైపుది అది. పచ్చి దుంప తురిమి, గుడ్డలో వేసి నీళ్ళు పిండేసి, దానికి ఉడికిన దుంప, మైదా, మజ్జిగ కలిపి చేస్తారు. పిండిన నీళ్ళ అడుగున తేరిన తెల్లటి పిండిని మళ్ళీ కలుపుకునేవాళ్ళూ ఉన్నారు. రుచి వేరు, నమిలితే తెలిసిపోతుంది. ఆపిల్ తోటల ఆర్మా జిల్లాలో ఈ దుంపరొట్టెనే మడిచి, మధ్యలో పుల్లటి ఆపిల్ ముక్కలూ చక్కెరా పెట్టి కాలుస్తారు. హాలోవీన్ రోజుల్లో దాని వాసన వస్తే కాళ్ళు కదలవు. ఏదైనా కొత్తగా చెయ్యాలని చెయ్యి దురదపెడితే అది చెయ్యండి, మసాలా డబ్బా తియ్యకండి.

మైదా బదులు గోధుమపిండి వెయ్యొచ్చా అని అడుగుతారని తెలుసు. వెయ్యొచ్చు, కానీ 100 గ్రాముల బదులు 80తో మొదలుపెట్టండి, అది తడి ఎక్కువ పీలుస్తుంది. పొడి పెనం మీద కాల్చిన ముక్కలు చల్లారాక గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. మర్నాడు పొద్దున వెన్నలో వేయించి, కాస్త ఉప్పు చల్లి, వేడి తగ్గకముందే తినండి.