అభిజిత్ లగ్నం, అడ్డుతెర

మే నెల నడుమ, మిట్టమధ్యాహ్నం ఒడిశాలోని గోపాలపురం సముద్రపుటొడ్డు ఇసుకలో పెళ్ళి చేశామని మా కుటుంబాన్ని చూసి నవ్వేవాళ్ళు బరంపురంలో ఎక్కువయ్యారు. వాళ్ళ నోళ్ళు మూయించడం నా ధర్మం.

ముహూర్తం 11 గంటల 47 నిమిషాలకి. అభిజిత్ లగ్నం. సర్వదోషాలూ పోతాయని పంతులుగారి హామీ. భద్రాచలంలో రాముడి కల్యాణం కూడా మధ్యాహ్నమే కదా అన్నారు. రాములవారికి నెత్తిన మండపం ఉంటుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. బరంపురం నుంచి 15 కిలోమీటర్ల పైచిలుకు వచ్చి పందిరి వేసుకుంటే ఫోటోలో సముద్రం పడదని మా మావయ్య అప్పటికే తేల్చేశాడు.

తప్పు సూర్యుడిదే. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. గోపాలపురం దానికి తూర్పున ఉంది కాబట్టి, మేలో ఇక్కడ 12 కొట్టకముందే నడినెత్తికొస్తాడు. ఆ నెల నడుమ ఒకరోజు, నిలబెట్టిన కర్రకి నీడే పడదు. కర్రకి పడదు గాని మనిషికి పడుతుంది: కనుబొమల కింద, ముక్కు కింద. దానికితోడు బాసికాలొకటి. పెళ్ళికొడుక్కి కళ్ళున్నచోట రెండు గుంటలు, పెళ్ళికూతురికి మీసం.

ఫోటోగ్రాఫర్ అస్కా నుంచి వచ్చిన ఒడియా కుర్రాడు. ఓసారి "టికే హసొ" అంటాడు, ఓసారి "ఆఖి ఖోలొ" అంటాడు. నవ్వితే కళ్ళు మూతపడుతున్నాయి, కళ్ళు తెరిస్తే నవ్వు పోతోంది. ఎండలో కెమెరా లెక్క తేలికేనట: ఐఎస్‌ఓ, అంటే వెలుగుకి స్పందన, 100; అపర్చర్, అంటే లెన్సు కన్ను, ఎఫ్/16; షట్టర్ తెరుచుకునేది సెకనులో 100వ వంతు. కాని అలా తీస్తే వెనక ఐస్‌క్రీం బండి పెళ్ళికూతురంత స్పష్టంగా వస్తుంది. బండి మసకబారాలంటే అపర్చర్ 2.8కి తెరవాలి, అప్పుడు షట్టర్ 3200వ వంతుకి పరిగెత్తాలి. కళ్ళకింద చీకటి పోవాలంటే ఫ్లాష్ కావాలి, మామూలు ఫ్లాషేమో షట్టర్ 200, 250వ వంతు దాటితే అందుకోలేదు. అందుకని లెన్సుకి వెలుగు తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, బిగించాడు. అంత ఎండలో, అంత పెళ్ళిలో, నల్లకళ్ళజోడు దక్కింది కెమెరా ఒక్కదానికే.

మధుపర్కాలు తెలుపు, ఇసుకా తెలుపే. వెలుగు మరీ ఎక్కువైందని కెమెరా తెరమీద తెల్లచోట్లన్నీ మిణుకుమిణుకుమని మొత్తుకుంటున్నాయి. ఆ మొత్తుకోలు కూడా ఎండకి కనపడక, కుర్రాడు తలమీద తువ్వాలు కప్పుకుని చూశాడు.

జీలకర్ర బెల్లం వేళకి బాబాయిలిద్దరూ అడ్డుతెర పట్టుకున్నారు. తెల్లగుడ్డ, మధ్యలో పసుపుతో స్వస్తిక్. దాన్ని చూడగానే కుర్రాడికి ప్రాణం లేచొచ్చింది.

"గురువుగారూ, ఆ గుడ్డ నెత్తిమీద పట్టించండి."

"తెర దేనికి నాయనా? మొహాలు కనపడకుండా ఉండటానికి."

"నాకు కనపడాలి కదండీ!"

పంతులుగారు ముహూర్తం దాటేదాకా ఒప్పుకోలేదు. దాటాక మాత్రం బాబాయిలు చేతులు దించలేదు, కుర్రాడు దించనివ్వలేదు. తలంబ్రాలు ఆ గుడ్డ కిందే పడ్డాయి. పైనుంచి వడగట్టిన వెలుగు, కిందనుంచి ఇసుక విసిరిన వెలుగు. పొద్దుటినుంచీ మొదటిసారి ఇద్దరూ మనుషుల్లా కనిపించారు. గాలికి గుడ్డ ఎగిరెగిరి, పెళ్ళికొడుకు బుగ్గమీద స్వస్తిక్ నీడ అటూ ఇటూ తిరిగింది. నన్నడిగితే ఆల్బంలో పెట్టాల్సిన ఫోటో అదొక్కటే. పెట్టలేదు, మచ్చలా ఉందట.

ఆల్బం మొన్న వచ్చింది. అట్టమీద తలంబ్రాల ఘట్టం. బాబాయిలు లేరు, గుడ్డ లేదు, ఐస్‌క్రీం బండి లేదు, ఎండ అసలే లేదు. వెనకాల ఎర్రటి సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడు. మంచి సాయంత్రం ఒకటి అతికించమని మావయ్యే చెప్పాడట.

మా అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఒరే, మన సముద్రం తూర్పున కదరా. ఇతగాడు ఇటు దిగుతున్నాడేంటి?"

"అభిజిత్ లగ్నమే అమ్మా," అన్నాడు మావయ్య, "ఏ దోషమూ అంటదు."