డబ్బు తీసుకున్నామన్న మాట నోటితోనే చెప్పాలి

ఈ ఉదయం ఒక పేజీ నన్ను బ్లాక్ చేసింది. ఒడిశాలో పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా, అటు గుణుపురం, రాయగడ వరకు తెలుగువాళ్ళలో చాలామంది చూసే పేజీ అది. మన ఊళ్ళ హోటళ్ళు, జాతరలు, బట్టల దుకాణాలు చూపిస్తూ పెరిగి, ఈ మధ్య ఆరోగ్య చిట్కాల దాకా వచ్చింది. నేను అక్కడ ఎవరినీ తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. "ఈ పొడి గురించి చెప్పినందుకు కంపెనీ మీకు డబ్బు గానీ సరుకు గానీ ఇచ్చిందా? ఇస్తే ఆ సంగతి వీడియోలో ఎక్కడ చెప్పారు?" అని మాత్రమే అడిగాను. ముందు నా వ్యాఖ్యను తీసేశారు. మళ్ళీ అడిగితే నన్నే తీసేశారు. నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లారేదాకా ఆగి రాయాలని కూడా నాకు లేదు.

ఆ పొడి షుగర్ వ్యాధికట. ఆ పేజీ వీడియోలో ఒక అమ్మాయి తన తల్లి కొన్ని నెలలుగా దాన్ని వాడుతోందని, ఇప్పుడు మాత్రలు కూడా తగ్గించేసిందని చిరునవ్వుతో చెప్పింది. మా మేనత్త ఆ వీడియోను కుటుంబం వాట్సాప్ గ్రూపులో చూసి, బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలో రాసిచ్చిన మాత్రలను పక్కన పెట్టి, ఆ డబ్బా తెప్పించుకుంది. "అత్తా, అది డబ్బు తీసుకుని చేసిన ప్రకటన" అని నేనంటే ఆవిడ నమ్మలేదు. "ప్రకటనైతే టీవీలో వస్తుంది కదరా, ఈ పిల్ల వాళ్ళమ్మ సంగతి చెబుతోంది" అంది. ఆవిడ ఆలోచనలో నాకు తప్పేమీ కనపడలేదు. టీవీలో సీరియల్ ఆగి ప్రకటన మొదలైతే ఆవిడకు తెలుస్తుంది, పత్రికలో గళ్ళు గీసి వేసిన ప్రకటనను చూసినా తెలుస్తుంది. ఇక్కడ మాత్రం ఇంటి కబురుకూ అమ్మకానికీ మధ్య గీత గీయవలసిన మనిషే ఆ గీతను చెరిపేసింది.

డబ్బు తీసుకున్న ప్రచారమని చెప్పే లేబుల్ అసలే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. ఆ పేజీకి వెళ్ళి, క్యాప్షన్ తెరిచి, 'మోర్' అన్నచోట నొక్కి, కిందికి జరిపితే, హ్యాష్‌ట్యాగుల గుంపు చివర 'కొలాబ్' (కంపెనీతో కలిసి చేసినదని అర్థం) అని ఇంగ్లీషు అక్షరాలలో ఒక ముక్క ఉంది. వెతకాలన్న పట్టుదలతో వెతికాను కాబట్టి నాకు దొరికింది. అలా దాచడం కుదరదని నియమాలు రాసినవాళ్ళు ఎప్పుడో చెప్పారు. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆస్కీ, సోషల్ మీడియాలో ప్రచారం చేసే ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం తెచ్చిన మార్గదర్శకాలు 2021 జూన్ 14 నుంచి అమలులో ఉన్నాయి. లేబుల్‌ను హ్యాష్‌ట్యాగుల మధ్య పూడ్చిపెట్టకూడదని, 'మోర్' నొక్కకుండానే మొదటి రెండు వరుసలలో కనపడాలని, పేజీ పరిచయంలో ఒకసారి రాసి ఊరుకోకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. వీడియో 15 సెకన్ల లోపుదైతే కనీసం 3 సెకన్లు, అంతకు మించి 2 నిమిషాల లోపుదైతే మూడో వంతు సేపు, ఇంకా పొడవైతే ఆ వస్తువు గురించి మాట్లాడినంతసేపూ లేబుల్ తెర మీద నిలవాలి. ఈ షుగర్ పొడి వీడియో నిమిషంన్నర ఉంటుంది. ఆ లెక్కన ముప్పై సెకన్లు ఆ మాట మా అత్త కళ్ళ ముందు ఉండవలసింది. ఒక్క సెకను కూడా లేదు.

ఆస్కీ అనేది ప్రకటనల రంగం తనకు తాను ఏర్పాటు చేసుకున్న సంస్థ కాబట్టి దాని మాటకు పట్టు లేదని తప్పించుకునేవారు ఉంటారు. వారికోసమే అన్నట్టు 2023 జనవరి 20న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా సెలబ్రిటీలకు, ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. వీడియో అయితే కింద వివరణలో రాసినంత మాత్రాన చాలదని, వీడియోలోనే తెర మీద కనపడాలని, మాటలోనూ వినపడాలని, ప్రచారం ఏ భాషలో సాగుతుందో ఆ వెల్లడి కూడా అదే భాషలో ఉండాలని అది చెప్పింది. ఈ రెండు షరతులు, వినపడాలన్నదీ అదే భాషలో ఉండాలన్నదీ, మన సరిహద్దు జిల్లాల కోసమే ఎవరో కూర్చుని రాసినట్టు నాకు అనిపిస్తుంది.

ఎందుకంటే మన సంగతి హైదరాబాదులో కూర్చుని వీడియోలు చేసేవారికి తెలియదు, ఇక్కడే పుట్టి పెరిగి చేసేవారు తెలిసీ పట్టించుకోరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిన ఊళ్ళు మనవి. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. తెలుగు బాగా అర్థమై, తెలుగు అక్షరం రానివారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. తెలుగు చదవగలిగి ఇంగ్లీషు రాని మా అత్త వయసువారు ఉన్నారు, ఏ లిపీ రాని పెద్దవాళ్ళు ఉన్నారు. వీళ్ళందరికీ ఉమ్మడిగా అందేది చెవిన పడే తెలుగు మాట ఒక్కటే. ఆ పేజీ ఇంతమందిని సంపాదించుకున్నది ఆ మాటతోనే. మన యాసలో, మన వరసలతో, "పిన్నీ, మావయ్యా, ఇది చూడండి" అని పిలిచి సంపాదించుకుంది. అమ్మే మాటలన్నీ తెలుగులో నోటితో చెప్పి, "నాకు ఇందుకు డబ్బు ఇచ్చారు" అన్న ఒక్క మాటను మాత్రం ఇంగ్లీషు అక్షరాలలో, ఎవరూ చూడని చోట రాసి పెట్టడం తెలిసి చేసిన పని. దాన్ని పొరపాటని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను. మామూలు మనిషికి అర్థమయ్యే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊరి పేరు తమ పేజీలో పెట్టుకున్నవారు ఇలా చేయడం నాకు మరీ బాధగా ఉంది.

మరొక సంగతి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో 'పెయిడ్ పార్ట్‌నర్‌షిప్' (డబ్బు తీసుకున్న ప్రచారం) అన్న లేబుల్ పెట్టుకునే సదుపాయం 2017 నుంచి ఉంది. యూట్యూబ్‌లో వీడియో ఎక్కించేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే, ఇందులో డబ్బు తీసుకున్న ప్రచారం ఉందన్న సూచన మొదటి 10 సెకన్లు కనపడుతుంది. మంచిదే. అయితే ఆ లేబుల్ ఉండేది యాప్‌లో. వీడియో బొమ్మలో భాగం కాదు. ఆ వీడియోను ఎవరో డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో పంపిన క్షణాన లేబుల్ అక్కడే ఆగిపోతుంది, వీడియో ఒక్కటే ప్రయాణం చేస్తుంది. మన పెద్దవాళ్ళలో ఎంతమంది ఇన్‌స్టాగ్రామ్ తెరిచి చూస్తున్నారు? వాళ్ళకు చేరేదంతా కుటుంబం గ్రూపులో, కులసంఘం గ్రూపులో, గుడి కమిటీ గ్రూపులో ఒకరి నుంచి ఒకరికి వచ్చే వీడియోలే. క్యాప్షన్ రాదు, హ్యాష్‌ట్యాగ్ రాదు, యాప్ పెట్టిన లేబుల్ రాదు. వీడియోతో పాటు విడిపోకుండా వచ్చేవి రెండే: బొమ్మ మీద అచ్చువేసిన అక్షరం, నోటితో పలికిన మాట. కాబట్టి టిక్కు పెట్టాం, మా బాధ్యత తీరిందని చెప్పేవారి మాట నేను ఒప్పుకోను. మొదటి వాక్యంలోనే, వస్తువు పేరు ఎత్తకముందే, "ఈ వీడియో చేయడానికి ఫలానా కంపెనీ నాకు డబ్బు ఇచ్చింది" అని తెలుగులో పలకాలి. నాలుగు సెకన్లు కూడా పట్టని మాట అది.

ఇదంతా రాస్తుంటే నాకు పాత గాయం ఒకటి కెలికినట్టయింది. చిట్ ఫండ్ల పేరుతో ఒడిశాలో సాగిన మోసాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ దర్యాప్తును 2014లో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. మా వీధిలో అలాంటి ఒక కంపెనీకి ఏజెంటుగా తిరిగినవాడు పరాయివాడు కాదు. పెళ్ళిళ్ళలో వడ్డన చేసేవాడు, మా నాన్నను "బాబాయ్" అని పిలిచేవాడు. "నేను కూడా వేశాను బాబాయ్, నా డబ్బు రెట్టింపయింది" అన్నాడు. తెచ్చిన ప్రతి డిపాజిట్ మీద తనకు కమీషన్ వస్తుందన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మా నాన్న రెండుసార్లు ఆలోచించి ఉండేవారు, బహుశా వేసేవారు కాదు. పోయిన డబ్బు గురించి ఇప్పుడు మాట్లాడి లాభం లేదు. కానీ "నేనూ వేశాను" అన్న ఆ మాటకూ, "మా అమ్మ కూడా వాడుతోంది" అన్న ఈ మాటకూ నాకు తేడా కనపడటం లేదు. రెండుచోట్లా అమ్ముడుపోయింది బంధుత్వం, దాచిపెట్టింది కమీషన్. అప్పుడు ఒక ఏజెంటు ఒక వీధిని మాత్రమే తిరగగలిగాడు. ఇప్పుడు ఒక్క వీడియో జిల్లాలకు జిల్లాలే తిరుగుతోంది.

"మేము డబ్బు తీసుకోలేదు, వస్తువు మాత్రమే ఇచ్చారు" అనేది వీళ్ళ దగ్గర మరొక సిద్ధమైన జవాబు. కేంద్రం మార్గదర్శకాలలో డబ్బుతో పాటు ఉచితంగా ఇచ్చిన వస్తువులు, హోటల్ బసలు, ప్రయాణాలు, చివరకు కుటుంబ సంబంధాలు, ఉద్యోగ సంబంధాలు కూడా వెల్లడించవలసినవే. ఆదాయపు పన్ను చట్టం కూడా ఇటువంటి కానుకలను ఊరికే వదల్లేదు. ఏడాదిలో 20 వేల రూపాయలు దాటిన ప్రయోజనాల మీద 10 శాతం పన్ను ముందుగానే మినహాయించాలని 194ఆర్ అనే సెక్షన్ 2022 జూలై 1 నుంచి వచ్చింది, ఇన్‌ఫ్లుయెన్సరు తన దగ్గరే ఉంచేసుకున్న వస్తువు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. పన్ను అధికారి దృష్టిలో అది సంపాదన అయినప్పుడు, చూసేవారి దృష్టిలో అభిమానం ఎలా అవుతుంది?

దీనివల్ల నష్టపోయేది కొనేవారు మాత్రమే కాదు. బరంపురం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుడి గోపురాల్లాంటి ఫోడా కుంభం అంచు చూడగానే అది ఎక్కడిదో తెలిసినవారు చెప్పేస్తారు. మగ్గం మీద ఆ చీర నేసే కుటుంబాలు రీలుకు, అంటే ఇలాంటి చిన్న వీడియోకు, డబ్బు ఇవ్వగలిగిన స్థితిలో లేవు. ఇవ్వగలిగిన దుకాణం మరమగ్గం చీరలు వేలాడదీసి పేజీవాళ్ళను పిలుస్తుంది, వాళ్ళు వచ్చి "అసలైన బరంపురం పట్టు ఇక్కడే" అని చెప్పి, కట్టుకున్న చీరతో వెళ్ళిపోతారు. పండుగకు విశాఖపట్నం నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చే మన బంధువులు ఆ రీలు పట్టుకుని నేరుగా ఆ దుకాణానికే పోతున్నారు. నేతగాడి ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే ఉన్నా ఎవరూ తలుపు తట్టడం లేదు. ఆ రీలులో "ఈ చీర నాకు ఊరికే ఇచ్చారు" అన్న మాట వినపడి ఉంటే, కొందరైనా ఆ రెండు వీధులు నడిచి ఉండేవారు.

చిన్నవాళ్ళు, మన పిల్లలు, ఏదో నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు, వాళ్ళ పొట్ట కొట్టకండి అని నాకు ఈపాటికే ఇద్దరు సందేశాలు పంపారు. సంపాదించుకోవద్దని నేను ఎక్కడా అనలేదు. పర్లాకిమిడిలో కూర్చుని తెలుగులో వీడియోలు చేసి ఒక కుటుంబం బతకగలిగితే నాకంటే సంతోషించేవారు ఉండరు. డబ్బు తీసుకున్నామని చెబితే చూసేవారు పోతారన్న భయం ఉంటే, ఆ చూపు మొదటినుంచీ దేని మీద నిలబడి ఉందో వాళ్ళే ఆలోచించుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకు మద్దతు పలికిన వ్యక్తికి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. మొదటిసారి ఏడాది వరకు, ఆ తర్వాత మూడేళ్ళ వరకు ఏ వస్తువుకూ ప్రచారం చేయకుండా నిషేధించవచ్చు. ఆ పిల్లలకు నిజంగా మేలు కోరేవారు ఈ సంగతి వాళ్ళకు ముందుగా చెప్పాలి. కంపెనీ తన డబ్బా అమ్ముకుని తప్పుకుంటుంది, వీడియోలో ముఖం కనపడేది ఈ పిల్లలదే.

షుగర్ పొడి విషయంలో లేబుల్ పెట్టినా నేను ఊరుకునేవాణ్ణి కాదని కూడా ఇక్కడే చెబుతున్నాను. మధుమేహాన్ని నయం చేస్తామని మందుల ప్రకటన వేయడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. చేయకూడని ప్రకటనకు లేబుల్ తగిలిస్తే అది చేయదగినదైపోదు. మా అత్తకు మళ్ళీ మాత్రలు మొదలుపెట్టించాం, రక్తపరీక్ష ఫలితం కోసం చూస్తున్నాం. ఆ వీడియో స్క్రీన్‌షాట్లు, క్యాప్షన్ చివరి ముక్కతో సహా, నా దగ్గర ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, ఆస్కీకి కూడా పంపుతున్నాను.

ఇది చదువుతున్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వాళ్ళను ఒకటి అడుగుతున్నాను. ఆ వీడియో మీ ఇంటి గ్రూపులోకి వచ్చి ఉంటే, దాని కిందనే, పెద్దవాళ్ళు వినేలా మీ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి: ఇది డబ్బు కోసం చేసిన వీడియో, డాక్టరును అడగకుండా మాత్రలు ఆపవద్దు అని. మన వైపు తెలుగులో వీడియోలు చేసేవారిలో డబ్బు తీసుకున్నప్పుడు ఆ సంగతి మొదటే నోటితో చెప్పేవారు ఎవరైనా ఉంటే వాళ్ళ పేజీల పేర్లు కింద రాయండి. అటువంటివారిని నేను వెతుకుతున్నాను, దొరికితే మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఫాలో చేయిస్తాను.